లిలాండ్రా పట్టాభిషేకం తరువాత

విభీషణుడి గురించి మన ఇళ్లలో రెండు మాటలు పక్కపక్కనే బతుకుతున్నాయి. పురాణం చెప్పేవారు ఆయనను శరణాగతికి నిదర్శనంగా చూపిస్తారు. ఎవరింటి రహస్యమైనా బయటపడినప్పుడు మాత్రం "ఇంటి గుట్టు లంకకు చేటు" అని అదే మనిషిని తప్పు పడతాం. తోడబుట్టినవాడు గద్దె మీద కూర్చుని అధర్మానికి పాల్పడుతుంటే చూడలేక, ఇల్లు విడిచి, పరాయివాళ్ల దగ్గరికి వెళ్లి, నా రాజ్యాన్ని నా వాళ్ల చేతుల్లోంచి కాపాడండి అని వేడుకున్న వ్యక్తిని ఏమనాలో మనం ఈనాటికీ తేల్చుకోలేదు. ఎక్స్-మెన్ అనే అమెరికన్ సూపర్‌హీరో జట్టు చిత్రకథల్లో లిలాండ్రా నెరమానీ ప్రవేశించే ఘట్టాన్ని మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తుకు వచ్చింది ఈ చిక్కే. ఆమె అంతరిక్షంలోని షియార్ సామ్రాజ్యపు రాజకుమారి, ఆ సామ్రాజ్య నౌకాదళానికి మహాసేనాని. చక్రవర్తి డీకెన్ ఆమెకు స్వయానా అన్న. అతనిపై తిరుగుబాటు చేసి, ఓడి, తరుముకొస్తున్న ఓడలను తప్పించుకుంటూ ఆమె మన భూమికి చేరుకుంటుంది.

ఆ కథ నా చేతికి తలకిందులుగా చేరింది. హైదరాబాదులో ఆబిడ్స్ కాలిబాటల మీద ఆదివారాలు పరిచే పాత పుస్తకాల మధ్య, అట్ట ఊడిపోయి, అంచులు పసుపు పచ్చబడిన ఒక సంచిక దొరికింది. అది 108వదని లోపలి పుట అడుగున ఉన్న చిన్న అక్షరాలను బట్టి తెలుసుకున్నాను. ముందు ఏమి జరిగిందో తెలియదు, ఎవరు ఎవరితో పోరాడుతున్నారో తెలియదు. ఒక ఎర్రజుట్టు యువతి చేతులు చాచి, నిప్పుపక్షి ఆకారంలో వెలుగుతూ, చీలిపోతున్న ఒక స్ఫటికాన్ని తన ప్రాణశక్తితో నేస్తున్నట్లుగా పట్టుకుని నిలబడిన చిత్రం మాత్రం కన్ను వదలలేదు. అట్ట లేనందుకు అమ్మేవాడు కొంత ధర తగ్గించాడు. 107వ సంచికను కొన్ని సంవత్సరాల తరువాత గానీ చదవలేకపోయాను. ఫలితాన్ని ముందు చూసి, కారణాలను తరువాత వెతుక్కోవడం వల్లనేమో, ఈ కథలో విజయం కన్నా ఆ విజయం తరువాత జరిగినదే నన్ను ఎక్కువగా పట్టుకుంది. ఈ వ్యాసం దాని గురించే.

తెలియనివారి కోసం నేపథ్యాన్ని క్లుప్తంగా చెబుతాను. 1963లో మొదలైన ఎక్స్-మెన్ పత్రిక మధ్యలో చాలాకాలం నీరసించిపోయి, 1975లో కొత్త జట్టుతో మళ్లీ లేచింది. కెన్యా నుంచి వచ్చిన స్టార్మ్, సోవియట్ పల్లెకు చెందిన కొలొసస్, జర్మనీకి చెందిన నైట్‌క్రాలర్, కెనడా వాడైన వుల్వరిన్ అందులోకి వచ్చారు. పాతవారిలో సైక్లాప్స్ ఉండిపోగా, జీన్ గ్రే ఫీనిక్స్‌గా మారి మళ్లీ కలిసింది. వారి గురువు ప్రొఫెసర్ జేవియర్ ఇతరుల మనసులను చదవగలవాడు. 1976 నాటి 97వ సంచికలో ఆయనకు పీడకలలు మొదలవుతాయి. నక్షత్రాల మధ్య యుద్ధం, కాలిపోతున్న ఓడలు, శిరస్త్రాణం ధరించిన ఒక అపరిచిత ఆకారం ఆయన కలల్లోకి వస్తాయి. అవి కలలు కావనీ, ఎంతో దూరంలో ఉన్న లిలాండ్రా మనసుతో తన మనసు ముడిపడిందనీ ఆయనకు చాలా ఆలస్యంగా అర్థమవుతుంది. 105వ సంచికలో ఆమె భూమికి చేరుకుంటుంది. చేరుకున్న కాసేపటికే డీకెన్ గూఢచారి ఆమెను బంధించి, నక్షత్రద్వారం గుండా తీసుకుపోతాడు. మూసుకుపోయిన ఆ ద్వారాన్ని ఫీనిక్స్ తన శక్తితో తెరుస్తుంది, జట్టు అందులోకి దూకుతుంది. అవతల ఉన్న రాజ్యం ఎటువంటిదో, అందులో ఎందరు ప్రజలున్నారో, ఎవరి పక్షాన న్యాయం ఉందో విచారించే వ్యవధి వారికి లేదు. ఒక స్త్రీ ఆపదలో ఉంది, తమ గురువు ఆమెను నమ్మాడు, వారికి అంతే చాలు.

ద్వారానికి అవతల వారిని ఎదుర్కొన్నది సామ్రాజ్య అంగరక్షక దళం. 1977 అక్టోబరు తేదీతో వచ్చిన 107వ సంచికలో ఈ దళం మొదటిసారి పూర్తిగా కనిపిస్తుంది. దానిని చిత్రించిన డేవ్ కాక్రమ్ అంతకు ముందు మరొక సంస్థలో భవిష్యత్తు నాటి సూపర్‌హీరోల బృందమొకదానికి బొమ్మలు గీసినవాడు. ఈ దళంలోని పాత్రలను ఆ బృందానికి పోలికలుగానే రూపొందించాడు. దీనిని చాలామంది ఒక చమత్కారంగా చెప్పుకుని వదిలేస్తారు గానీ, నా దృష్టిలో ఆ పోలిక కథకు గొప్ప బలం. దుర్మార్గుడైన చక్రవర్తిని కాపాడుతున్నవారు కొమ్ములూ కోరలూ ఉన్న రాక్షసుల్లా లేరు. వారూ రంగురంగుల దుస్తులు ధరించిన వీరులే. ఒక్కొక్కరూ ఒక్కొక్క లోకం నుంచి, ఒక్కొక్క జాతి నుంచి వచ్చి, ఒక జట్టుగా క్రమశిక్షణతో పోరాడుతున్నారు. సరిగ్గా ఎక్స్-మెన్ కూడా అంతే కదా. ఆ పోరాటంలోనే వుల్వరిన్ దుస్తులు చిరిగిపోతే, తాను ఓడించిన ఫాంగ్ అనే అంగరక్షకుడి దుస్తులు తీసి తొడుక్కుంటాడు. 108వ సంచిక మొత్తం అతను శత్రువు బట్టల్లోనే తిరుగుతాడు. అట్ట లేని నా ప్రతిలో అతనెవరో నాకు చాలాసేపు తెలియలేదు, చక్రవర్తి మనిషే అనుకున్నాను. ఆ పొరపాటు నాకు ఇప్పటికీ ఇష్టం. ఒక దళానికీ మరొక దళానికీ మధ్య ఉన్న తేడా దుస్తుల్లో లేదని నాకు తెలియకుండానే తెలిసింది.

ఆ దళానికి నాయకుడు గ్లాడియేటర్. ఊదారంగు చర్మం, నడినెత్తిన నిక్కబొడుచుకున్న జుట్టు, కొండలను కదిలించగల బలం. ఆ బలానికి ఒక షరతు ఉంది: తన మీద తనకు నమ్మకం ఉన్నంతవరకే అది నిలుస్తుంది, సందేహం కలిగితే సన్నగిల్లుతుంది. షియార్ గాథలో అన్నిటికన్నా నన్ను వేధించే పాత్ర ఇతనే. ఇతను విధేయుడు, అయితే ఏ మనిషికీ కాదు, సింహాసనానికి. దాని మీద డీకెన్ కూర్చుంటే డీకెన్ మాట, లిలాండ్రా కూర్చుంటే లిలాండ్రా మాట. ఎవరు కూర్చోవాలన్నది తన పని కాదని అతని నమ్మకం. సందేహం కలిగితే బలం పోయే మనిషికి ఆ ప్రశ్న అడగకుండా ఉండటం అవసరం కూడా అయి ఉంటుంది.

ఇక 108వ సంచిక. డీకెన్ కోరుకున్నది ఎమ్‌క్రాన్ స్ఫటికంలో ఉన్న శక్తి. తొమ్మిది మృత్యు నక్షత్రాలు ఒక వరుసలోకి వచ్చినప్పుడు అది తెరుచుకుంటుంది. లోపల ఒక న్యూట్రాన్ నక్షత్రమండలం బంధించబడి ఉంది. ఆ కట్టు తెగితే డీకెన్ సామ్రాజ్యంతో పాటు విశ్వమంతా అందులోకి కూలిపోతుంది. విశ్వం ఒక్క క్షణం పాటు లేకుండా పోయి, మళ్లీ వచ్చే సన్నివేశం ఇందులో ఉంది. చదువుతుంటే గుండె ఆగినంత పనవుతుంది. చివరకు ఫీనిక్స్ స్టార్మ్ నుంచీ, కోర్సేర్ అనే అంతరిక్ష ఓడదొంగ నుంచీ ప్రాణశక్తిని అరువు తెచ్చుకుని స్ఫటికాన్ని మళ్లీ నేస్తుంది. డీకెన్ మతి కోల్పోయి చేష్టలుడిగిపోతాడు. జాన్ బర్న్ ఈ పత్రికకు బొమ్మలు గీయడం ఈ సంచికతోనే మొదలైంది. విశ్వాన్ని నిలబెట్టిన మహత్కార్యాన్ని ఆయన పిడికిళ్ల యుద్ధంగా కాకుండా ఒక నేతపనిగా చూపించడం ఈ ప్రక్రియలోనే అరుదైన విషయమని నా అభిప్రాయం.

తరువాతి సంచిక, అంటే 109వది, వీరులు ఇంటికి చేరడంతో మొదలవుతుంది. పేరు కూడా అదే అర్థంలో ఉంటుంది. నేను ఆగిపోయింది ఇక్కడే. ఒక సామ్రాజ్యపు చక్రవర్తి పడిపోయాడు, గద్దె ఖాళీ అయింది, కొత్త పాలన రావాలి. అక్కడి వీధుల్లో ఆ రాత్రి ఏమి జరిగి ఉంటుంది? చెరసాలలు తెరిచారా? డీకెన్ యుద్ధాలకు సైన్యాన్ని పంపిన లోకాలకు కబురు చేరిందా? కథ అటువైపు చూడదు. కొంతకాలానికి గద్దె లిలాండ్రాకు దక్కుతుంది, జేవియర్ కూడా ఆమె వెంట వెళ్లి కొన్నాళ్లు అక్కడ ఉంటాడు. మహాలయం వంటి సభామందిరాలను, సలహాదారులను, నౌకాదళాన్ని చూస్తాం. ఆ సామ్రాజ్యంలో కూరగాయలు అమ్మే మనిషిని, పొలం దున్నే మనిషిని, పన్ను కట్టే మనిషిని మాత్రం చూడం. రాజ్య విమోచన కథల్లో రాజ్యం అంటే చాలాసార్లు రాజవంశం మాత్రమే. మన జానపద చిత్రాల్లోనూ దుష్ట సేనాపతి చచ్చి రాకుమారుడికి కిరీటం పెట్టగానే, జయజయధ్వానాలు చేసే గుంపుగా తప్ప ప్రజ కనిపించదు. ఆ విషయంలో ఆ దేశపు కథా మన కథా ఒకటే.

అలా అని ఈ గాథలో ప్రజ అసలే లేదనలేను, ఎందుకంటే స్టార్‌జామర్స్ ఉన్నారు. 107వ సంచికలో ఎక్స్-మెన్ ఓటమి అంచున ఉన్నప్పుడు ఆకాశం నుంచి దిగి వారిని ఆదుకున్నది ఈ ఓడదొంగలే. బల్లి రూపంలో ఉండే మహాకాయుడు చోడ్, సగం శరీరం లోహంతో నిండిన రజా, వాసనలతో మాట్లాడే జాతికి చెందిన హెప్జిబా, వీరికి నాయకుడు కోర్సేర్. హెప్జిబా అసలు పేరు ఒక వాసనల వరుస కాబట్టి మనుషుల నోటికి పలకదు, అందుకని కోర్సేర్ ఆమెకు ఈ పేరు పెట్టాడు. వీళ్లంతా ఒకరికొకరు పరిచయమైనది ఆల్సిబార్ అనే చోట, షియార్ సామ్రాజ్యం బానిసలను పని చేయించే గోతుల్లో. అక్కడి నుంచి తప్పించుకుని ఓడ సంపాదించుకుని, సామ్రాజ్యపు నౌకలనే దోచుకుంటూ బతుకుతున్నారు. గద్దె మీది అన్నాచెల్లెళ్ల తగవులో లిలాండ్రా పక్షానికి వచ్చిన ఈ నలుగురూ ఆ సామ్రాజ్యం చేతిలో నిజంగా నలిగినవాళ్లు. వారికి సామ్రాజ్యం అంటే ఏమిటో చెప్పడానికి పుస్తకం అక్కరలేదు, వారి ఒళ్లే చెబుతుంది. నేనైతే విమోచన అనే మాటను వాళ్ల వైపు నుంచే కొలుస్తాను.

కోర్సేర్ కథ వేరు. అతను భూమివాడు, పేరు క్రిస్టఫర్ సమర్స్, సైక్లాప్స్ తండ్రి. విమానంలో వెళుతున్న ఆ కుటుంబం మీద షియార్ ఓడ దాడి చేసినప్పుడు పిల్లలిద్దరినీ ఒకే పారాచూట్‌తో కిందికి తోసి, తల్లిదండ్రులు పట్టుబడిపోయారు. తల్లి కేథరిన్‌ను డీకెన్ చంపాడు, తండ్రిని బానిసల గోతిలోకి పంపారు. జీన్‌కు ఈ సంగతి స్ఫటికపు యుద్ధం నాడే తెలుస్తుంది, కోర్సేర్ కోరిక మీద ఆమె నోరు విప్పదు. సైక్లాప్స్‌కు మాత్రం 1982 నాటి సంచికల్లో గానీ తెలియదు. అంటే ఎవరో పరాయి రాజకుమారి కోసం, ఎక్కడో ఉన్న పరాయి రాజ్యానికి వెళుతున్నామని అనుకున్న ఆ యువకుడు తన తల్లిని చంపిన మనిషి మీదికే, తన తండ్రి పక్కన నిలబడే, తెలియకుండా యుద్ధం చేశాడు. మొదటి చదువులో ఇది యాదృచ్ఛికం అనిపించి కొంచెం విసుగు కలిగింది. ఇప్పుడు అలా అనిపించడం లేదు. పరాయివాళ్ల కష్టం అనుకున్నది మన ఇంట్లోకి ఎప్పుడో వచ్చిందని ఆలస్యంగా తెలియడం జీవితంలో జరగని విషయమేమీ కాదు.

లిలాండ్రా ఏలుబడి ఎలా ఉందో చూపించిన మొదటి పెద్ద ఘట్టం 1980 సెప్టెంబరు నాటి 137వ సంచికలో వస్తుంది. ఆ లోపు ఫీనిక్స్ శక్తి వికృతంగా మారి, ఆకలితో ఒక నక్షత్రాన్ని మింగేసింది. దాని చుట్టూ తిరిగే డబారి లోకంలో అయిదు వందల కోట్ల మంది ఆహుతయ్యారు. ఈ నేరానికి శిక్షగా జీన్ మరణించాలని తీర్పు చెప్పింది ఎవరో కాదు, ఆమె నేసిన స్ఫటికం వల్ల గద్దె దక్కిన లిలాండ్రాయే. అంతరిక్షంలోని మరో రెండు సామ్రాజ్యాలైన క్రీ, స్క్రల్‌లను కూడా ఆమె ముందుగానే సంప్రదించింది. జేవియర్ ఎవరూ కాదనలేని ద్వంద్వయుద్ధపు హక్కును అడిగితే ఆచారాన్ని గౌరవించి ఒప్పుకుంటుంది. అయితే ఆ యుద్ధానికి ఎక్స్-మెన్ ఎదుట నిలబెట్టింది గ్లాడియేటర్ దళాన్నే. మూడేళ్ల క్రితం డీకెన్ కోసం పోరాడిన అదే దళం చంద్రుడి మీది పాడుబడిన నగరంలో ఈసారి లిలాండ్రా కోసం అదే క్రమశిక్షణతో పోరాడుతుంది.

ఈ ఘట్టంలో లిలాండ్రాను కృతఘ్నురాలు అని తిట్టేవారిని చాలామందిని చూశాను. నేను తిట్టలేను. అయిదు వందల కోట్ల ప్రాణాలు పోయాయి. వారి తరఫున ఎవరో ఒకరు మాట్లాడవలసి ఉంది, ఆ లోకం వారు ఎవరూ మిగలలేదు. ప్రేమించిన మనిషి శిష్యురాలి మీద తీర్పు చెప్పడానికి ఆమె ఎంత కుమిలిపోయిందో బొమ్మల్లోనే తెలుస్తుంది. నన్ను ఆపేది మరొకటి. ఆ తీర్పులో విచారణ లేదు. నిందితురాలు ఆ నేరం చేసినప్పుడు ఆమె మనసు ఎవరి అధీనంలో ఉందో తేల్చే సాక్ష్యం లేదు. సామ్రాజ్ఞి నిర్ణయించింది, బలం ఉంది, అమలు జరగాలి. డీకెన్ పోయాడు గానీ, ఒక్కరి నోటి మాటతో ప్రాణం తీసే పద్ధతి పోలేదు. చివరకు జీన్ ఆ శిథిలాల్లో ఉన్న ఒక పురాతన ఆయుధానికి తనను తానే అప్పగించుకుంటుంది. సైక్లాప్స్ ఒక్కడే మిగిలి నిలబడిన ఆ పుట దగ్గర నేను ప్రతిసారీ పుస్తకం మూసి కొంతసేపు కూర్చుంటాను.

గద్దె కోసం మరొక హక్కుదారు కూడా ఉంది. డెత్‌బర్డ్ ఆ ముగ్గురిలో పెద్దది, హత్యానేరం వల్ల వారసత్వం కోల్పోయి బహిష్కరణకు గురైనది. బ్రూడ్ అనే పురుగు జాతితో చేతులు కలిపి, వారికి ఎక్స్-మెన్‌ను ఎరగా అప్పగించి, 1983 వచ్చేసరికి ఆమె సింహాసనం ఎక్కేసింది. రాజ్యం పోగొట్టుకున్న లిలాండ్రా వెళ్లి చేరింది ఎక్కడో గమనించాలి: స్టార్‌జామర్స్ ఓడలో. తన వంశం బానిసలుగా వాడుకున్నవారి మధ్య, వారు వండింది తింటూ, వారితో సమానంగా కాపలా కాస్తూ ఆమె సంవత్సరాలు గడిపింది. 1985లో వచ్చిన 200వ సంచికలో చావుబతుకుల్లో ఉన్న జేవియర్‌ను కూడా వైద్యం కోసం అదే ఓడ ఎక్కించుకుపోయింది. మొత్తం గాథలో లిలాండ్రా పాలించడానికి అన్నిటికన్నా తగిన మనిషిగా నాకు కనిపించేది ఆమె చేతిలో ఏ అధికారమూ లేని ఈ కాలంలోనే. ఆ ఓడలోని జీవితాన్ని రచయితలు ఇంకా ఎక్కువగా రాసి ఉంటే బాగుండేదని నా కోరిక. ఆల్సిబార్ గోతుల గురించి ఆమె చోడ్‌ను ఒక్కసారైనా అడిగి ఉంటుందా అని చాలాసార్లు అనుకున్నాను.

1991లో జిమ్ లీ గీసిన సంచికల నాటికి ఆమె మళ్లీ గద్దె మీద ఉంది. ఎక్స్-మెన్ ఆ రాజ్యానికి వచ్చేసరికి జేవియర్ ఆమె పక్కనే ఉన్నాడు, కానీ కఠినుడిగా, యుద్ధోన్మాదిగా మారిపోయాడు. తమ గురువే ఆజ్ఞాపిస్తుంటే శిష్యులు కొంతసేపు తడబడతారు. నిజానికి రూపం మార్చుకోగల స్క్రల్ యోధుడొకడు ఆయన ముఖం తొడుక్కుని రాజ్యాన్ని చేజిక్కించుకున్నాడు. అసలు జేవియర్ బందీగా ఉన్నాడు. కథనం కొంత హడావుడిగా సాగినా ఈ ఊహ గట్టిది. రాజ్యాన్ని దొంగిలించడానికి వచ్చినవాడికి విమోచకుడి ముఖం కన్నా మంచి ముసుగు దొరకదు. అందరూ తలుపులు తీసి నమస్కరించేది ఆ ముఖానికే. 277వ సంచికలో ముసుగు తొలగింది, గురువు ఇంటికి తిరిగి వచ్చాడు, లిలాండ్రా సింహాసనం నిలిచింది.

ఆ నిలిచిన సింహాసనం మరుసటి సంవత్సరమే ఏమి చేసిందో ఎక్స్-మెన్ మాత్రమే చదివేవారికి తెలియకపోవచ్చు. 1992లో అవెంజర్స్ బృందానికి చెందిన పత్రికల్లో 19 భాగాలుగా వచ్చిన గాథలో షియార్, క్రీ సామ్రాజ్యాల మధ్య యుద్ధం జరుగుతుంది. ఒక మహాబాంబు పేలి క్రీ జాతిలో కోట్లాను కోట్ల మంది చనిపోతారు. ఆ వినాశనానికి తెర వెనుక పథకం వేసింది క్రీ జాతి అధినేతే అయిన మహామేధ అన్నది నిజం. అయినా చివరకు ఆ శిథిల సామ్రాజ్యాన్ని తన సామ్రాజ్యంలో కలిపేసుకున్నది లిలాండ్రా. దాని మీద పాలకురాలిగా ఎవరిని నియమించింది? డెత్‌బర్డ్‌ను. ఒకప్పుడు ఎవరి చేతిలో తన రాజ్యం పోయిందో ఆమెకే మరొకరి రాజ్యాన్ని ఇచ్చింది. అక్కను దూరంగా, తృప్తిగా ఉంచడానికి అది తెలివైన ఎత్తుగడ కావచ్చు. క్రీ ప్రజల వైపు నుంచి చూస్తే, పరాయి రాజు వచ్చి గద్దె ఎక్కడం అంటే ఏమిటో అందరికన్నా బాగా తెలిసిన స్త్రీ వారి మీదికి అదే పంపింది. ఈ భాగం చదివిన రోజు నాకు నిజంగా బాధ కలిగింది. ఆబిడ్స్ కాలిబాట మీద దొరికిన ఆ సంచికలో, ఆమె పక్షాన నేనూ నిలబడ్డాను కదా.

రాముడు విభీషణుడికి సముద్రపు ఒడ్డునే, యుద్ధం మొదలు కాకముందే, లక్ష్మణుడి చేత సముద్రజలం తెప్పించి అభిషేకం చేయించాడని వాల్మీకం చెబుతుంది. గెలిచాక లంకలో ఉండిపోలేదు, అయోధ్యకు తిరిగి వచ్చాడు. తిరిగి రావడం గొప్పదనమే, పరాయి నేల మీద ఆశ పెట్టుకోకపోవడం గొప్పదనమే. ఎక్స్-మెన్ కూడా షియార్ సంపదలో చిల్లిగవ్వ ఆశించలేదు. కానీ ఆ ధర్మానికి మరొక వైపు ఉంది. గెలిపించి వచ్చేసినవాడికి తరువాత అక్కడ జరిగేదాన్ని అడిగే అధికారం ఉండదు, అక్కడే ఉండిపోతే తానే దొంగ రాజు అవుతాడు. ఈ చిక్కును ఏ ఒక్క సంచికా విప్పలేదు. అయితే దశాబ్దాల పాటు వేర్వేరు రచయితల చేతుల్లో నడిచిన కథ కావడం వల్ల, ఒక్క పుస్తకంలో అయితే పట్టాభిషేకంతో ముగిసిపోయే గాథ ఇక్కడ ముగియలేక, తన ఫలితాలను తానే మోయవలసి వచ్చింది.

ఆ ఫలితాల్లో అన్నిటికన్నా చేదైనది వల్కన్. డీకెన్ కేథరిన్‌ను చంపినప్పుడు ఆమె గర్భవతి. ఆ బిడ్డను యంత్రాల సాయంతో పెంచి, బానిసగా భూమికి పంపారు. గాబ్రియేల్ అనే ఆ కుర్రవాడే వల్కన్. అతను తప్పించుకుని జేవియర్ దగ్గరికి చేరాడు. సరైన శిక్షణ లేకుండానే ఒక ఆపద మీదికి అతని జట్టును జేవియర్ పంపాడు. అందులో వారు మరణించారనుకుని, సైక్లాప్స్ మనసులోంచి తమ్ముడి జ్ఞాపకాన్నే తుడిచేశాడు. 2005, 2006 సంవత్సరాల్లో బయటపడిన కథ ఇది. అతను బతికే ఉన్నాడు, కోపంతో షియార్ మీదికి వెళ్లాడు. 2006, 2007లలో 475 నుంచి 486 వరకు పన్నెండు సంచికల్లో సాగిన గాథలో ఎక్స్-మెన్ మళ్లీ ఆ రాజ్యానికి బయలుదేరతారు. ఈసారి ఆపవలసింది భూమి నుంచి వచ్చిన మనిషిని, తమ ఇంటివాడినే. ఆపలేకపోయారు. డెత్‌బర్డ్‌ను పెళ్లాడి, అప్పుడే స్పృహలోకి వచ్చి గద్దె ఎక్కిన డీకెన్‌ను చంపి, అడ్డు వచ్చిన తండ్రి కోర్సేర్‌ను తన చేతులతోనే కూల్చి, వల్కన్ షియార్ చక్రవర్తి అయ్యాడు. ముప్పై ఏళ్ల క్రితం ఒక దుష్ట పాలకుడి నుంచి విడిపించడానికి ఎవరు వచ్చారో, వారి రక్తమే ఆ గద్దె మీద రాజ్యాపహర్తగా కూర్చుంది.

జేవియర్‌ను ఈ ఘట్టంలో నేను క్షమించలేకపోతున్నాను. లిలాండ్రా పిలుపు విని కలత చెంది, ఆమెకోసం శిష్యులను నక్షత్రాల అవతలికి పంపిన మనిషే, చనిపోయారనుకున్న పిల్లల పేర్లు ఎవరికీ గుర్తు లేకుండా చేశాడు. కోర్సేర్ పాత్రను తరువాతి రచయితలు తిరిగి బతికించారు. అయినా కొడుకు చేతిలో తండ్రి నేలకొరిగిన పుట మారదు.

గ్లాడియేటర్ అప్పుడేం చేశాడు? వల్కన్ పక్కన నిలబడ్డాడు. గద్దె మీద ఉన్నది వల్కన్ కదా మరి. లిలాండ్రాను, స్టార్‌జామర్స్‌ను వేటాడాడు. ఆ కొత్త చక్రవర్తి క్రౌర్యం కళ్లారా చూస్తూ, లోపల నమ్మకం సడలుతున్నా పైకి కదలకుండా, చాలా కాలం ఓర్చుకున్నాడు. ఆ ముఖాన్ని గీసిన చిత్రకారులు దవడ బిగింపులో అతని నరకమంతా చూపించారు. ఎట్టకేలకు ఆమె పక్షానికి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. 2009లో వచ్చిన రాజుల యుద్ధపు గాథలో లిలాండ్రా హంతకుడి చేతిలో మరణించింది, వల్కన్ కూడా యుద్ధంలో తుడిచిపెట్టుకుపోయాడు. నెరమానీ వంశంలో గద్దెకు తగినవారు ఎవరూ మిగలని స్థితిలో కిరీటం తీసుకొచ్చి గ్లాడియేటర్ తల మీద పెట్టారు.

జీవితమంతా సింహాసనం ఎవరిదని అడగకుండా దాని ముందు నిలబడిన మనిషి దాని మీద కూర్చోవలసి వచ్చింది. స్టార్‌జామర్స్ ఓడ మాత్రం ఆ సంవత్సరాల్లోనూ నడుస్తూనే ఉంది. కోర్సేర్ స్థానంలో అతని రెండవ కొడుకు హావక్ నాయకత్వం తీసుకున్నాడు. చోడ్, రజా ఆ ఓడలోనే ఉన్నారు. ఆల్సిబార్ గోతులను ఎవరు మూసివేశారో, అసలు మూసివేశారో లేదో, నేను చదివిన సంచికల్లో ఎక్కడా రాలేదు. ఆదివారాలు ఆబిడ్స్ వెళ్లినప్పుడల్లా, అట్ట ఉన్నా లేకపోయినా, షియార్ ఓడ బొమ్మ కనిపించిన ప్రతి పాత సంచికనూ ఆ ఒక్క పుట కోసమే తిరగేస్తూ ఉంటాను.